బ్యాంకు అడగలేదని వాగు ఊరుకోదు

నిన్న మా టెక్సాస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఒక తమ్ముడు ఇల్లు కొంటున్నానని ఫొటోలు పెట్టాడు. సిటీకి గంట దూరం, రెండెకరాలు, వెనకాల చిన్న వాగు, దాని గట్టున పెకాన్ చెట్లు. చాలా బాగుంది. ఎవరో ఫ్లడ్ ఇన్సూరెన్స్ సంగతేంటని అడిగితే "వరద మ్యాప్‌లో జోన్ ఎక్స్ అండీ, అంటే తక్కువ ప్రమాదం, బ్యాంకు కూడా అడగలేదు, డబ్బు దండగ" అన్నాడు. దాని కింద వరసగా లైకులు. నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇల్లు కొన్నప్పుడు మేమూ అక్షరాలా ఇదే మాట అన్నాం.

మాదీ జోన్ ఎక్సే. మా వెనక వాగు ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది, పిల్లలు గులకరాళ్లు ఏరుకునేది అక్కడే. ఒక మే నెల రాత్రి వాన ఎక్కడో పైన దంచికొట్టింది, మా దగ్గర జల్లు కూడా సరిగా పడలేదు. తెల్లవారుజామున మంచం దిగితే కాలికి చల్లగా నీళ్లు తగిలాయి. తెల్లారేసరికి ఇంట్లో పద్నాలుగు అంగుళాలు. మోకాలి లోతు కూడా లేదు కదా అనుకుంటారు, కానీ ఇక్కడి గోడలు మన ఇటుక గోడలు కావు, వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు పైకి పీలుస్తాయి. నాలుగు అడుగుల ఎత్తు దాకా ఇల్లంతా గోడలు కోసి బయట పారేయాల్సి వచ్చింది. నా పెళ్లి పట్టుచీర ఎరుపు దిగి, కింద మడతపెట్టి ఉన్న మా అత్తగారి తెల్లచీర మొత్తానికి అంటింది. పాప అన్నప్రాశన ఆల్బమ్‌లో పేజీలు అతుక్కుపోయాయి, విడదీయబోతే ఫొటోలో మొహాలు ఊడి వచ్చాయి. ఆ బురద వాసన నెలల తరబడి పోలేదు.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది, నీళ్లు పైపు పగిలి వచ్చాయా, బయట నేల మీద నుంచి వచ్చాయా అని. బయట నుంచే అన్నాను. అంతే, అయిపోయింది. హోమ్ ఓనర్స్ పాలసీలో, అంటే మామూలు ఇంటి బీమాలో, వరద ఉండదు. ఏళ్లుగా కడుతున్న పాలసీలో ఆ ముక్క ఒక్కసారి కూడా చదవలేదు మేం. మాకు అరవై వేల డాలర్ల పైనే పోయింది.

ఇప్పుడు ఈ జోన్ సంగతి. ప్రభుత్వ వరద మ్యాప్‌లో ఇంగ్లీష్ 'A' అక్షరంతో మొదలయ్యే జోన్లంటే ఏటా ఒక శాతం ముంపు అవకాశం ఉన్నవి. దీన్నే వందేళ్ల వరద అంటారు, ఈ పేరే మనల్ని ముంచింది. వందేళ్లకోసారి వస్తుందని కాదు దానర్థం. ఏటా ఒక శాతం చొప్పున ముప్పై ఏళ్ల లోన్ కాలానికి లెక్కేస్తే 26 శాతం అవుతుంది, అంటే నాలుగిళ్లలో ఒకటి. ఆ జోన్లలో ఇంటికి బ్యాంకు లోన్ తీసుకుంటే ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్స్ అంటే అంతకన్నా తక్కువ ప్రమాదం, అంతే. ప్రమాదం లేదని ఎక్కడా రాసి లేదు. 2014 నుంచి 2018 మధ్య వచ్చిన ప్రభుత్వ వరద బీమా క్లెయిముల్లో 40 శాతానికి పైగా ఎక్కువ ప్రమాదం అని గీసిన జోన్ల బయటివే అని ఆ మ్యాపులు గీసే ప్రభుత్వ విపత్తు సంస్థ ఫీమానే చెప్పింది. బ్యాంకు అడిగేది తన అప్పు కోసం, మన గోడల కోసం కాదు.

పల్లె కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఇంకో చిక్కుంది. సిటీలో కొలతలు తీసి, నీళ్లు ఎన్ని అడుగుల ఎత్తుకి వస్తాయో లెక్కగట్టి మ్యాప్ గీస్తారు. జనం తక్కువున్న చోట చాలాసార్లు ఆ ఎత్తు లెక్క ఉండదు, ఉజ్జాయింపుగా ఒక గీత గీసి వదిలేస్తారు. చదరపు మైలు కన్నా తక్కువ నేల నుంచి నీళ్లు చేరే చిన్న వాగులైతే మామూలుగా మ్యాప్‌లోకే ఎక్కవు. మా వాగు అలాంటిదే. ఇక్కడి కొండల్లో సున్నపురాయి మీద మట్టి పలచన, పడ్డ వాన ఇంకకుండా జారిపోతుంది. 2025 జులై 4న టెక్సాస్‌లోనే గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు లేచింది, ఒక్క కెర్ కౌంటీలోనే వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో వేసవి క్యాంపుకి వచ్చిన చిన్నపిల్లలు కూడా. ఆ వార్తలు చూస్తూ మా ఇంట్లో ఎవరం అన్నం తినలేకపోయాం.

"ఏదైనా అయితే గవర్నమెంట్ ఇస్తుందిలే" అనే మాట కూడా వింటుంటాను. ఫీమా సాయం రావాలంటే ముందు ప్రెసిడెంట్ దాన్ని విపత్తుగా ప్రకటించాలి. మా వాగు ముంచింది పదకొండు ఇళ్లని, దానికెవరు ప్రకటిస్తారు? ప్రకటించినా మనలో ఎంతమందికి తెలుసు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఫీమా నగదు సాయానికి అర్హత లేదని? ఇంట్లో ఇక్కడ పుట్టిన పిల్లలుంటే వాళ్ల తరఫున అడగవచ్చు. అదే ఫ్లడ్ ఇన్సూరెన్స్‌కైతే వీసా అడ్డు కాదు. డబ్బు కట్టాం, పాలసీ ఉంది, క్లెయిమ్ చేసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ పోస్ట్ మీ వాళ్లకి పంపండి.

తీసుకునేటప్పుడు మాత్రం చూసుకుని తీసుకోండి. ప్రభుత్వ పాలసీలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 డాలర్లు గరిష్ఠం. సామాను కవరేజీ దానంతటది రాదు, విడిగా అడగాలి. అద్దెకున్నవాళ్లు సామానుకి మాత్రమే కూడా తీసుకోవచ్చు. ఇల్లు బాగయ్యేదాకా బయట ఉండే అద్దె ఇవ్వరు. మన పల్లె ఇళ్లకి ముఖ్యమైనవి బోరుబావి, సెప్టిక్ ట్యాంకు, ఫెన్సింగ్, ఇవేవీ అందులోకి రావు. అన్నిటికన్నా పెద్దది, పాలసీ కొన్నాక ముప్పై రోజులకి గానీ అమల్లోకి రాదు. తుపాను టీవీలో కనిపించాక కొంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఇంటి లోన్‌తో పాటు క్లోజింగ్ లోపే, అంటే ఇల్లు మన పేరు మీదికి మారేలోపే, తీసుకుంటే ఆ ముప్పై రోజుల ఆగడం ఉండదు. మేం ఇప్పుడు ఏడాదికి ఆరు వందల డాలర్ల లోపే కడుతున్నాం. ఇంటి ఎత్తు, నీటికి ఎంత దూరం అన్నదాన్ని బట్టి మీకు మారుతుంది, కానీ అడిగి చూడకుండానే దండగ అనకండి.

మాది కృష్ణా పక్కన లంక ఊరు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో మా తాతయ్య గుడి గోడ మీద గీత పెట్టించాడు. ఊళ్లో ఎవరు ఇల్లు కట్టినా ముందు ఆ గీత చూసి, దానికన్నా మెరక చేసి పునాది వేస్తారు. ఆ ఊళ్లో పుట్టినదాన్ని, ఇక్కడికొచ్చి కంప్యూటర్లో మ్యాప్ చూసి సరే అనుకున్నాను. ఇల్లు అమ్మేవాళ్లు గతంలో నీళ్లు వచ్చాయా లేదా రాసివ్వాలని టెక్సాస్‌లో చట్టం ఉంది, కానీ వాళ్లకి తెలిసినంతవరకే కదా రాసేది. మాకు అమ్మినవాళ్లు అక్కడ నాలుగేళ్లే ఉన్నారు. ఎదురింటి పెద్దాయన నీళ్లు తోడటానికి పంపు పట్టుకొచ్చి, మా గ్యారేజీలో నిలబడి, తన చిన్నప్పుడు ఈ వాగు సరిగ్గా ఇక్కడిదాకా వచ్చిందని చేత్తో చూపించాడు. ఇల్లు కొనేముందు మూడుసార్లు ఆ గుమ్మం ముందు నుంచి వెళ్లాం, ఒక్కసారీ ఆగి అడగలేదు.

తమ్ముడూ, నీ క్లోజింగ్ శుక్రవారం అన్నావు. గురువారం లోపు ఏజెంట్‌కి ఫోన్ చేసి కొటేషన్ అడుగు. ఈ సాయంత్రమే వెళ్లి ఆ వాగు పక్కన అందరికన్నా పాత ఇల్లు ఏదో చూసి తలుపు కొట్టు.