తాళం పడిన ఇంజన్లు, సరిహద్దు షెడ్లు

ఒడిశాలోని రాయగడ నుంచి గుణుపురం వెళ్లే దారిలో నేను చాలా ఏళ్లుగా బండి చూపించుకునే మెకానిక్ షెడ్డు ఒకటుంది. అక్కడి మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ట్యాపెట్ కొడుతోందో బేరింగ్ అరిగిందో అరనిమిషంలో తేల్చేవాడు. నిరుడు చలికాలంలో నా డీజిల్ బండి ఎత్తు ఎక్కడం మానేసి, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించుకుని కూర్చున్నప్పుడు కూడా ఆయన అలాగే విన్నాడు. విని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసి, "ఇంజన్ బాగానే ఉంది బాబూ, దాని బుర్రే ఒప్పుకోవడం లేదు" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజమని తర్వాత తేలింది. కొత్త డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని బండే అప్పుడప్పుడు 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. అయితే ఆ వేడి నిలవాలంటే ఇంజన్ పదిహేను ఇరవై నిమిషాల పాటు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. సంతకు నాలుగు కిలోమీటర్లు, బ్యాంకుకు మూడు కిలోమీటర్లు, మధ్యలో మట్టి రోడ్లూ మలుపులూ ఉన్న మా వైపు అలా నడిచే అవకాశం ఎంత? మసి పేరుకుంటుంది, బండిలోని కంప్యూటర్ గమనిస్తుంది, ఇంజన్ పాడవకుండా శక్తిని తనే తగ్గించేస్తుంది. బండి చేసింది తప్పేమీ కాదు. జాతీయ రహదారిని ఊహించుకుని తయారైన యంత్రం కొండ ఊళ్లో తిరుగుతోంది, అంతే.

పాత రోజులే నయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కమాండర్ జీపుల కాలంలో డ్రైవర్లు ఎక్కడ ఆపినా వాలు చూసి ఆపేవారు; పొద్దున సెల్ఫ్ పనిచేయకపోతే తోసి స్టార్ట్ చేయడానికి. కోరాపుట్ చలిలో చోక్ లాగి, బండి దగ్గుతూ ఉంటే పది నిమిషాలు నిలబడిన వాళ్లకు, గాలినీ పెట్రోలునూ కలిపే ఆ కార్బురేటర్ మీద మమకారం ఉండదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే గాలి పలచబడి ఆ మిశ్రమంలో పెట్రోలు వాటా ఎక్కువయ్యేది, పొగ నల్లబడేది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో సెన్సర్లు గాలి ఒత్తిడిని కొలిచి ఆ లెక్కను క్షణాల్లో సరిచేస్తాయి. 2020 ఏప్రిల్ 1న దేశమంతా, బండ్ల పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్ నిబంధనల్లో బీఎస్-4 నుంచి, ఐదో మెట్టును దాటేసి, నేరుగా బీఎస్-6కు మారింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగ్గ నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి కణాల పరిమితి 25 నుంచి 4.5కి తగ్గాయి. ఇంధనంలో గంధకాన్ని పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి దించారు. జీపు వెనకాల నడిచి బడికి వెళ్లిన తరానికి ఈ అంకెల విలువ ఎవరూ వివరించనక్కర్లేదు.

కాబట్టి నా అభ్యంతరం సాంకేతికత మీద కాదు, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్న దాని మీద. మా మేస్త్రికి ఫిల్టర్ ఎక్కడుందో తెలుసు, ఎందుకు మూసుకుపోయిందో కూడా తెలుసు. కానీ నిలబెట్టిన బండిలో మసి కాల్చమని కంప్యూటర్‌కు ఆదేశం ఇవ్వాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. మా వైపు అది అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే ఉంటుంది. గుణుపురం మనిషి దాని కోసం రాయగడకో బరంపురానికో, అక్కడా కుదరకపోతే విశాఖకో బండిని లారీ మీద ఎక్కించాలి. నాకు మూడు రోజులు పట్టింది. అసలు పని గంట లోపే అయిపోయింది.

ఈ తాళం సంగతి ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ పరీక్ష పరికరాలూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నదే అప్పటి ఆరోపణ. వాటిని బహిరంగ మార్కెట్లో అందుబాటులో ఉంచాలని, బయట రిపేరు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్', అంటే రిపేరు హక్కు, పోర్టల్ తెరిచింది. అందులో వాహనాల విభాగమూ ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే ఈ హక్కు కోసం ఓటేశారు. మన దగ్గర పోర్టల్ ఉంది గానీ, కంపెనీలను కట్టిపడేసే చట్టం లేదు. పోర్టల్‌లో ఫోన్ నంబరు దొరికితే ఫిల్టర్ కాలదు కదా.

కరెంటు బండ్లు వస్తే ఈ బాధ పోతుందనే వాళ్లున్నారు. ఘాట్ రోడ్డుకు అవి సరిపోవన్న మాటతో నేను ఏకీభవించను. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని లారీ డ్రైవర్లు క్లీనర్లకు నేర్పుతారు, బ్రేకు లైనర్లు కాలే వాసన రాకుండా. కరెంటు బండి దిగేటప్పుడు మోటారే జనరేటరై వేగాన్ని పట్టి ఆపుతూ, బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగిస్తుంది. కొండ మీదే బ్యాటరీని నిండా ఛార్జ్ చేసుకుని దిగితే మాత్రం ఆ శక్తికి చోటుండదు, అంత భారమూ మామూలు బ్రేకుల మీదే పడుతుంది. ఇంజనాయిలు, క్లచ్ ప్లేటు అన్న మాటలే ఉండవు గనుక షెడ్డు పని సగం తగ్గుతుంది. మిగిలిన సగం బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్ బోర్డులో ఉంటుంది. అదేమో సీలు వేసి వస్తుంది. డీజిల్ బండికి పడిన తాళం ఇక్కడ ఇంకాస్త గట్టిదవుతుంది.

ఇందులో మా ప్రాంతపు చిక్కు మరొకటి కలుస్తుంది. పేరుకు ఇది ఒడిశా. నంబరు ప్లేటు ఓడీ-18 లేదా ఓడీ-20. విడిభాగాలు చాలావరకు పార్వతీపురం, సాలూరు, విశాఖల నుంచి బస్సు మీద వస్తాయి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో ఒడియా చదివాడు, చేతిలోని చవక స్కానర్ తెర మాత్రం ఇంగ్లీషు తప్ప మరో ముక్క చెప్పదు. మా మేస్త్రి ఈ ఏడాది అలాంటి స్కానర్ ఒకటి కొన్నాడు. బండిలో ఏం తప్పు జరిగిందో చెప్పే కోడ్‌ను అది చదువుతుంది. సరిచేసే ఆదేశం దగ్గరికి వెళ్లగానే పాస్‌వర్డ్ అడుగుతుంది. మొన్న వెళ్లినప్పుడు ఒక పికప్ బండి దగ్గర కుర్రాడు తెరను రెండుసార్లు చూసి, గ్రీసు అంటిన వేళ్లతో సిగరెట్ పెట్టె వెనక పీ2463 అని రాసుకున్నాడు. అది మసి పేరుకుందని చెప్పే కోడ్. స్క్రూడ్రైవర్ మేస్త్రి జేబులోనే ఉంది. కుర్రాడు ఫోన్ తీసి, సాలూరులో ఉన్న వాళ్ల బావకు ఆ అంకెలు ఒక్కొక్కటే చదివి వినిపించడం మొదలుపెట్టాడు.