పిల్లులతో ఏడో ఇంటికి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, పెళ్లయ్యాక మేం మారిన ఇళ్లు లెక్కేస్తే సరిగ్గా ఏడు, కాకపోతే ఈ ఏడోసారి తిప్పింది మేము, తిరిగింది పిల్లులు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం, దాదాపు 620 కిలోమీటర్లు. కారులో నేను, మా ఆవిడ, మా అమ్మ, గుమాస్తా, చిట్టి. ఇంట్లో ఏ కాగితం కనిపించినా దాని మీద ఎక్కి కూర్చుంటాడు కాబట్టి వాడు గుమాస్తా. కరెంటు బిల్లు వాడి కింద నుంచి లాక్కుని కట్టిన రోజులున్నాయి. చిట్టికి నోట్లో నాలుక లేదు, బంగారు తల్లి. ఆ రోజు మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాం.

డాక్టర్‌గారు మంచి సలహాలే ఇచ్చారు. వారం ముందే పిల్లుల్ని తీసుకెళ్లే బ్యాగులు తెరిచి హాల్లో పెట్టండి, అందులోనే తిండి పెట్టండి, అలవాటవుతుంది. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు ఏమీ పెట్టకండి, దారిలో వాంతులు చేసుకుంటాయి. ట్రేలో లిట్టర్, అంటే పిల్లులు దొడ్డికెళ్లడానికి పోసే ఇసుకలాంటిది, ఎప్పుడూ వాడేదే పొయ్యండి, వాడిన పాతది ఓ గుప్పెడు కలపండి, కొత్త వాసనొస్తే అవి ట్రే మొహం చూడవు. మొదటి రెండూ మా ఆవిడ చూసుకుంది. మూడోది నేను. ఆఫర్‌లో ఉందని లావెండర్ వాసనొచ్చే లిట్టర్ 5 కిలోల ప్యాకెట్ కొన్నాను.

సామాను ముందురోజే లారీ ఎక్కింది. మొక్కలు మాత్రం ఎక్కించం అన్నారు, దారిలో ఎండిపోతే మమ్మల్ని అంటారని. అన్నీ పక్కింటివాళ్లకి ఇచ్చేశాం గానీ తులసి దగ్గర అమ్మ ఒప్పుకోలేదు, అది మా అమ్మమ్మ వాళ్లింటి కోటలో మొక్క తాలూకు విత్తనం. సరే, కారులో వెనక అమ్మ కాళ్ల దగ్గర పెట్టాం. నీళ్లు పోస్తే కారంతా బురదవుతుందని నేనే రెండు రోజులు తడపనివ్వలేదు, మన్ను పొడిపొడిగా, మెత్తగా ఉంది.

ఉదయం 5:40కి మంచి టైము. పై ఫ్లోర్ ఆంటీ నీళ్లబిందెతో ఎదురురావాలని అమ్మ ముందే మాట్లాడిపెట్టుకుంది. వారం రోజులు ఆ బ్యాగులోనే నిద్రపోయిన గుమాస్తా, జిప్పు చప్పుడు వినగానే ఎగిరి అటకెక్కాడు. స్టూల్ వేసుకుని, చేతుల మీద నాలుగు గీతలు గీయించుకుని దింపాను. దింపి కారు దాకా తెచ్చానో లేదో జారిపోయి, బిందె పట్టుకున్న ఆంటీకీ మా కారుకీ మధ్య నుంచి కుడి నుంచి ఎడమకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"పిల్లి అడ్డొచ్చిందిరా" అంది అమ్మ.

"మన పిల్లే కదమ్మా."

"మన పిల్లి మాత్రం పిల్లి కాదా?"

మళ్లీ అందరం ఇంట్లోకెళ్లి, కుర్చీలు లారీలో వెళ్లిపోయాయి కాబట్టి నేల మీద కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరాం. ఆంటీ బిందెతో రెండోసారి ఎదురొచ్చింది, పాపం ఆవిడకి చెయ్యి లాగింది.

హయత్‌నగర్ దాటకముందే గుమాస్తా ఎత్తుకున్నాడు. అది మ్యావ్ కాదు. "మా...వ్" అని కిందనుంచి మొదలుపెట్టి పైకి తీసుకెళ్లి అక్కడ వదిలేసే ఒక రాగం. సూర్యాపేట దాకా 130 కిలోమీటర్లు అదే కచేరీ, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే మాకే భయమేసి వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ఒక టోల్‌గేట్ దగ్గర స్కానర్ మొరాయించి అద్దం దించాల్సి వచ్చింది. ఆ అబ్బాయి చెవి ఇటు పెట్టి, "మేడమ్, బాబుకి ఆకలేస్తున్నట్టుంది, పాలు పట్టండి" అన్నాడు. మా ఆవిడ చాలా మర్యాదగా "వాడికి వాంతులవుతాయని డాక్టర్ వద్దన్నారండి" అంది. అతను అదోలా చూసి గేటెత్తాడు.

ఇంత గోలలో చిట్టి కిక్కురుమనలేదు. "చూసి నేర్చుకోరా" అని గుమాస్తాని ప్రతి అరగంటకీ తిట్టాం.

హనుమాన్ జంక్షన్‌లో భోజనం. ఆ ఎండలో పిల్లుల్ని కారులో వదిలెయ్యకూడదు, నిమిషాల్లో లోపల పొయ్యిలా అయిపోతుంది, అందుకని ఏసీ వేసి ఉంచి వంతులవారీగా తిన్నాం. అమ్మ ముందే తినేసి కారులో కాపలా కూర్చుంది. మేం పెరుగన్నం దాకా వచ్చేసరికి, నోరు లేని జీవం, ఊపిరాడటం లేదేమో అనిపించిందట, చిట్టి బ్యాగు జిప్పు నాలుగు వేళ్లంత తెరిచింది. ఈ సంగతి మాకు తణుకు దాటాక తెలిసింది.

ఏలూరు దాటి భీమడోలు వైపు వస్తుంటే వాసన మొదలైంది. ఆ చుట్టుపక్కలంతా చేపల చెరువులే కదా, అదే అనుకుని అద్దాలు గట్టిగా ఎక్కించేశాం. వాసన పెరిగింది. బయట గాలి రాకుండా ఏసీ బటన్ మార్చాను. ఇంకా పెరిగింది. కొల్లేరు ప్రాంతం మరీ పాడైపోయిందని, చెరువుల్లో ఏమేమి వేస్తున్నారో అని తాడేపల్లిగూడెం దాకా పర్యావరణం మీద మాట్లాడుతూనే ఉన్నాను. తణుకు కూడా దాటాక మా ఆవిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "చెరువులు ఎప్పుడో అయిపోయాయండీ" అంది.

అనుమానం సహజంగా గుమాస్తా మీదకే వెళ్లింది. కారు పక్కకి ఆపి వాడి బ్యాగులో టార్చి వేశాం. శుభ్రంగా ఉంది. ట్రే చూశాం. లావెండర్ లిట్టర్ పోసింది పోసినట్టే, తోటలా ఘుమఘుమలాడుతోంది. అప్పుడు అమ్మ చీర కుచ్చిళ్లు పక్కకి జరిగాయి. తులసి కొమ్మల వెనక, కుండీ మధ్యలో, ముందుకాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని, కళ్లు అరమోడ్చి, తోక నిటారుగా లేపి చిట్టి. రెండో విడత. మేం చూస్తున్నామని తెలిసి కూడా కంగారుపడలేదు, పని ముగించుకుని, వెనక్కి తిరిగి వాసన చూసి, కుడికాలితో పద్ధతిగా మన్ను కప్పి, సరిపోలేదనిపించి ఇంకాస్త కప్పి, అమ్మ ఒళ్లోకి ఎక్కి కూర్చుంది.

పొడిమన్ను, గోకడానికి మెత్తగా, పైగా తెలిసిన ఇంటి వాసన. పిల్లి వైపు నుంచి చూస్తే అంతకంటే మంచి ఏర్పాటు ఏముంది? ఈ మాట నేను పైకి అనలేదు. అమ్మ జిప్పు తెరవడం, నేను లావెండర్ కొనడం, రెండూ ఒకేసారి బయటపడ్డాయి కాబట్టి ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేక సిద్ధాంతం వంతెన మీద వసిష్ఠ గోదావరిని, రావులపాలెం దాటాక గౌతమిని మౌనంగా దాటాం. అమ్మ రూపాయి బిళ్లలు వెయ్యడం కూడా మర్చిపోయింది.

అదృష్టం ఏమిటంటే ఆ తర్వాత వచ్చేది కడియం. రోడ్డుకి అటూ ఇటూ నర్సరీలే. ఒక దాంట్లో దిగి, ఏం చెప్పాలో తెలియక "తులసికి మన్ను మార్చాలి" అన్నాను. ఆయన కుండీ అందుకుని ఒక్కసారి వాసన చూశాడు.

"పిల్లాండీ?"

"ఆఁ."

"ఆయ్, ఏం పర్లేదండి. కానీ పిల్లిది ఎరువుగా పనికిరాదండి, రోగాలొస్తాయి. అది పడేద్దారి."

మొక్క వేళ్లు కడిగి, కొత్త ఎర్రమన్ను, కొబ్బరిపొట్టు వేసి పది నిమిషాల్లో ఇచ్చేశాడు. అమ్మ మొహం తేటపడింది. ఎంత తేటపడిందంటే, ఎలాగూ వచ్చాం కదా అని మూడు గులాబీలు, ఒక కనకాంబరం కొనేసింది. అంటే ఒక కుండీతో బయల్దేరిన కారులో ఇప్పుడు అయిదు.

విశాఖ చేరేసరికి రాత్రి పదిన్నర. అన్నవరంలో ప్రసాదానికి ఒకసారి, చిట్టిని కనకాంబరం మీద నుంచి దింపడానికి మూడుసార్లు ఆగాం. కొత్తింట్లో బ్యాగులు తెరిస్తే గుమాస్తా బయటికి రాడు. పొద్దున లోపలికి తొయ్యడానికి నా రక్తం కళ్లజూశాడు, ఇప్పుడు లాగితే మళ్లీ గీరాడు. పాలు పొంగించినప్పుడు తల బయటపెట్టి చూసి లోపలికెళ్లిపోయాడు.

ఇప్పుడు బాల్కనీలో అయిదు కుండీల్లోనూ మన్ను కనబడకుండా అమ్మ కొబ్బరిచిప్పలు బోర్లించింది. లావెండర్ ప్యాకెట్‌లో సగం ఇంకా అలాగే ఉంది, చెప్పుల స్టాండు కింద పెట్టాం, నా బూట్లు మంచి వాసనొస్తున్నాయి.