యుద్ధానికి ఎవరి సంతకం కావాలి?

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడడానికి టికెట్ కొనుక్కుని బారులు తీరే పిల్లలు, అదే రోడ్డులో ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ముందు ఓ సెల్ఫీ దిగి ముంత మసాలా బండి వైపు వెళ్లిపోతారు. ఆ స్తూపం ఎందుకుందో ఈ ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. లోపలున్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ ఛార్జీలే (నీటి అడుగున పేలే బాంబులే) ముంచాయని మన నౌకాదళం అంటుంది. పాకిస్తాన్ ఒప్పుకోదు.

ఆ ఘాజీ పుట్టుక అమెరికాది. డయాబ్లో అనే పేరుతో వాళ్ల నౌకాదళంలో పనిచేసిన దాన్ని 1960ల్లో పాకిస్తాన్‌కు లీజుకిచ్చారు. అది మునిగిన పది పన్నెండు రోజులకే అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను, దాని వెంట మరికొన్ని నౌకలను బంగాళాఖాతంలోకి పంపారు. పంపే ముందు తమ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌ను ఓటు అడగలేదు. పొరపాటున ఒక్క గుండు పేలినా మొదట వణికేది వాషింగ్టన్ కాదు, ఇదిగో ఈ తీరమే. అందుకే అమెరికాలో యుద్ధాధికారం ఎవరిదన్న చర్చ విశాఖకు పరాయిది కాదంటున్నాం.

కాగితం మీద అక్కడ విషయం తేలిగ్గానే ఉంది. యుద్ధం ప్రకటించేది కాంగ్రెస్, సైన్యాన్ని నడిపేది అధ్యక్షుడు. 1787లో రాజ్యాంగం రాస్తున్నప్పుడు ముసాయిదాలో కాంగ్రెస్ యుద్ధం 'చేస్తుంది' అని ఉండేది. హఠాత్తుగా ఎవరైనా మీద పడితే సభ కూడేదాకా ఆగలేం కదా అని దాన్ని యుద్ధం 'ప్రకటిస్తుంది' అని మార్చారు. ఆ రాజ్యాంగ సభలోని మాడిసన్, జెరీ తెచ్చిన సవరణ అది. దాడిని తిప్పికొట్టడానికి వదిలిన ఆ చిన్న సందులోంచే తర్వాత యుద్ధాలకు యుద్ధాలే నడిచిపోయాయి. కాంగ్రెస్ చివరిసారి లాంఛనంగా యుద్ధం ప్రకటించింది 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్... ఇన్ని జరిగినా మళ్లీ ఆ ప్రకటన రాలేదు. కొన్నింటికి తీర్మానం పేరుతో అనుమతిచ్చారు, కొన్నింటికి అదీ లేదు.

వియత్నాం చేదు మిగిల్చాక, కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేసిన సంగతి బయటపడ్డాక, 1973లో యుద్ధాధికారాల తీర్మానం తెచ్చారు. నిక్సన్ వీటో చేస్తే ఉభయ సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని తోసేశాయి. సైన్యాన్ని దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు నివేదిక ఇవ్వాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే వెనక్కి రప్పించాలి, అందుకు ఇంకో 30 రోజులు గడువు. చదివితే గట్టి చట్టమే. కానీ 2011లో లిబియా మీద దాడులు అరవై రోజులు దాటినప్పుడు ఒబామా ప్రభుత్వం ఏమందో తెలుసా? తమ సైనికులు నేల మీద లేరు, అవతలివాళ్లు ఎదురు కాల్పులు జరపట్లేదు, కాబట్టి వీటిని చట్టం చెప్పే పోరాటం కింద లెక్కించక్కర్లేదట! అవతల బాంబు పడిన ఇంట్లోవాళ్లకు ఈ లాయరు లెక్క ఎవరు వివరిస్తారు?

అసలు దెబ్బ 1983లో సుప్రీంకోర్టు నుంచి తగిలింది. అధ్యక్షుడి ముందుకు వెళ్లకుండా సభల తీర్మానంతోనే ఆయన నిర్ణయాన్ని రద్దు చేయడం కుదరదని వేరే కేసులో చెప్పింది. దాంతో యుద్ధాన్ని ఆపే తీర్మానం కూడా ఆయన బల్ల మీదికే వెళ్లాలి, ఆయన వీటో చేయొచ్చు. 2020లో ఇరాన్ విషయంలో జరిగింది అదే. రెండు సభలూ ఆమోదించాయి, ట్రంప్ వీటో చేశారు, సెనేట్‌లో దాన్ని తోసేసేందుకు సరిపడా ఓట్లు రాలేదు. మొదలుపెట్టాలంటే సభలో సగానికి మించి ఓట్లు కావాలని రాసుకున్న దేశంలో, ఆపాలంటే మూడింట రెండొంతులు కావాల్సి వస్తోంది. తాళం ఇంటివాళ్ల దగ్గరే ఉంది, తలుపు మాత్రం అవతలి నుంచి గడియ పడింది.

వాళ్లను చూసి నవ్వుకునే హక్కు మనకుందా? లేదనే మా అభిప్రాయం. మన రాజ్యాంగం 53వ అధికరణ సైన్యంపై అత్యున్నత అధికారాన్ని రాష్ట్రపతికిచ్చింది, దాని వినియోగాన్ని చట్టం నియంత్రిస్తుందని కూడా చెప్పింది. ఆచరణలో ఆ అధికారం ప్రధాని, కేబినెట్‌లది. కేంద్ర జాబితా 15వ అంశం 'యుద్ధం, శాంతి'. అంటే పార్లమెంటు కావాలనుకుంటే చట్టం చేయొచ్చు. సైన్యాన్ని పంపే ముందో, పంపిన తర్వాతో సభ అనుమతి తీసుకోవాలన్న చట్టం మాత్రం ఇప్పటిదాకా చేయలేదు. విచిత్రమేమిటంటే, యుద్ధం పేరుతో అత్యవసర పరిస్థితి విధిస్తే నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. 1978 సవరణ పెట్టిన షరతు అది. యుద్ధానికే ఏ ఓటూ అక్కర్లేదు.

1987 జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు కాగానే మన సైన్యం శ్రీలంకలో దిగింది. ముందుగా సభలో ఓటింగ్ లేదు. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. కార్గిల్ నాటికి లోక్‌సభే రద్దయి ఉంది. రాజ్యసభనైనా సమావేశపరచమని ప్రతిపక్షాలు అడిగితే ప్రభుత్వం వినలేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగితే లోక్‌సభలో చర్చ జులై 28న మొదలైంది. మధ్యలో అఖిలపక్ష సమావేశాలు పెట్టారు, నిజమే. తలుపులు వేసుకుని మాట్లాడుకుంటే అది పార్లమెంటు అవదు. 1962లో చైనా యుద్ధం జరుగుతుండగానే నెహ్రూ నవంబర్ 8న సభను కూర్చోబెట్టారు, తిట్లు తిన్నారు. ఆ సభ కూర్చున్నందుకు సరిహద్దులో ఒక్క పోస్టు అదనంగా పోయిందని ఎవరూ అనలేదు.

రహస్యం మాటేమిటంటారా? ఆ వాదన బరువు ఈ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, విశాఖలోనే ఉందని నమ్మించడానికి వైర్‌లెస్ సందేశాలు హోరెత్తించారు. వేల మందికి వండాల్సినంత సరుకులు, కూరగాయలు ఇక్కడ ఆర్డరిచ్చారని నౌకాదళం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బెండకాయల లెక్క సభకు చెప్పమని మేం అడగట్లేదు. ఎత్తుగడలు సైన్యానివి. యుద్ధంలో ఉన్నామా లేదా, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు సభలో చెప్పాలి.

కావాల్సింది పెద్ద చట్టమేమీ కాదు. సరిహద్దు దాటి బలగాలను వాడితే పద్నాలుగు రోజుల్లో సభ కూడాలి, అవసరమైతే కొంత భాగం రహస్యంగా జరగొచ్చు. అరవై రోజులు దాటితే ఓటింగ్ పెట్టాలి. పోరాటం అంటే ఏమిటో చట్టంలోనే రాయాలి, డ్రోన్లు, క్షిపణులు కూడా కలిపి. లిబియా పాఠం అదొక్కటి తీసుకున్నా చాలు. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని ఎంపీల, బిల్లులకు కేటాయిస్తారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నియోజకవర్గం నుంచి వెళ్లిన సభ్యుడు, పార్టీ ఏదైనా, ఒక శుక్రవారం దీన్ని ప్రవేశపెట్టాలని కోరుతున్నాం.