ఇంటి పన్ను ఆపమంటున్న ఆ మెసేజ్‌కు జవాబు

"వరంగల్ ప్రజలారా, మేలుకోండి" అంటూ మొదలయ్యే మెసేజ్ ఏ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. కాలనీ సంఘం గ్రూపులో అదే, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, ఆఖరికి టెన్త్ బ్యాచ్ గ్రూపులోనూ అదే. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లు, కొందరు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు. తప్పని చెబితే "నాకూ ఎవరో పంపారు" అంటారు. మర్నాడు మళ్లీ పంపుతారు. అందుకే ఒకసారి పూర్తిగా రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది. మోరీలు తీయరు, రోడ్లు వేయరు, కాబట్టి బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు, ఇంటి పన్ను కట్టొద్దు. కట్టకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఆగితే ఎలాగూ 90 శాతం మాఫీ వస్తుంది. కేంద్రం నుంచి కోట్లు వస్తున్నాయి, మన పన్నుతో వాళ్లకు పనే లేదు. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రాకపోతే పన్ను బాధ్యత పోతుంది. ఒకే గల్లీలో ఒకే సైజు ఇళ్లకు వేర్వేరు పన్ను వేస్తున్నారు. అభ్యంతరాలు రాయడం దండగ, అవి చెత్తబుట్టకే. పన్ను రసీదు ఒక్కటి చేతిలో ఉంటే ఇల్లు మీదైనట్టే.

చివరి మాటతో మొదలుపెడదాం, అది తొందరగా తేలిపోతుంది. పన్ను కట్టొద్దంటూనే రసీదు ఉంటే ఇల్లు మీదంటోంది. రసీదు పన్ను కట్టారనడానికి మాత్రమే రుజువు. హక్కుకు రుజువు రిజిస్టర్డ్ దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇంటి పాత దస్తావేజులు. అనుమతి లేని కట్టడానికి జరిమానా కలిపి మరీ పన్ను వేస్తారు. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు.

సమాచార హక్కు ముచ్చట. జవాబు రాకపోతే పన్ను మాఫీ అని ఏ చట్టంలోనూ లేదు. 30 రోజుల్లో సమాచారం రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దారి అంతే.

"ఎవరూ ఏమీ చేయలేరు" అన్నది నమ్మి చెడిపోయేవాళ్లు ఎక్కువగా చిన్న షాపులవాళ్లే. డిమాండ్ నోటీసు వస్తుంది, తర్వాత రెడ్ నోటీసు, ఆ తర్వాత జప్తు. మార్చి వచ్చిందంటే షాపులకు తాళాలు పడటం, నల్లా కనెక్షన్ తీసేయడం మన ఊళ్లో కొత్తేమీ కాదు. ఇల్లు అమ్మాలన్నా, పిల్లల పేరిట మార్చాలన్నా బకాయి తీరనిదే మ్యుటేషన్ (బల్దియా రికార్డుల్లో పేరు మార్పు) కాదు. మెసేజ్ రాసిన మనిషి ఆ రోజు మీ తరఫున కౌంటర్ దగ్గరికి రాడు.

ఇక అసలు ప్రమాదం: 90 శాతం మాఫీ. ఈ ఒక్క మాట వల్ల ఎన్ని ఇళ్లు బకాయిల్లో పడుతున్నాయో చూస్తే కడుపు మండుతుంది. 2022లో రాష్ట్ర సర్కారు ఇచ్చిన 90 శాతం మాఫీ దేనికి? వడ్డీకి. అసలు పన్నులో ఒక్క రూపాయి తగ్గలేదు. అసలు మొత్తం, మిగిలిన 10 శాతం వడ్డీ ఒకేసారి కడితేనే అది వర్తించింది. "పన్నులో 90 శాతం పోతుంది" అనుకుని కూర్చున్నవాళ్లు ఆ రోజు కౌంటర్ దగ్గర బిత్తరపోయారు.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 6,000 పన్ను ఉన్న ఇల్లు అనుకుందాం. అర్ధ సంవత్సరానికి 3,000. మొదటి సగానికి గడువు జూన్ 30, రెండో సగానికి డిసెంబర్ 31. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఒక్కో సగం మీద నెలకు 60 రూపాయలు. నాలుగేళ్లు ఏమీ కట్టకపోతే ఎనిమిది వాయిదాలు. నాలుగో ఏడు మార్చి ఆఖరుకు మొదటి వాయిదా మీద 45 నెలలు, రెండోదాని మీద 39, అలా తగ్గుతూ చివరిదాని మీద 3 నెలలు. మొత్తం 192 నెలల వడ్డీ, 11,520 రూపాయలు. అసలు 24,000తో కలిపి 35,520.

అదే ఇంటివాళ్లు ఏటా ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం ముందస్తు రాయితీ. ఏడాదికి 5,700, నాలుగేళ్లకు 22,800. మాఫీ వస్తే ఆగినవాళ్లు కట్టేది 24,000, పైన 1,152 వడ్డీ, మొత్తం 25,152. అంటే మాఫీ వచ్చినా 2,352 ఎక్కువే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే అన్యాయం. ఆగినవాళ్లు ఆ 5,700ను ఏటా బ్యాంకులో 7 శాతానికి వేసుకుని ఉంటే నాలుగేళ్లలో 3,990 వడ్డీ వచ్చేది. 2,352 పోను 1,638 మిగిలేది. అంటే మాఫీ వస్తే ఎగ్గొట్టినవాళ్లకు లాభమే, ఏప్రిల్‌లో లైన్లో నిలబడి కట్టినవాళ్లకే నష్టం. ఈ విషయంలో మెసేజ్ మాటలో కొంత నిజముంది. తాపకోసారి వడ్డీ మాఫీ ప్రకటిస్తే సక్రమంగా కట్టేవాళ్ల ముఖాన కొట్టినట్టే, ఏ పార్టీ సర్కారు చేసినా సరే. కానీ మాఫీ రాకపోతే? బ్యాంకు వడ్డీ తీసేసినా 8,730 నష్టం. వస్తే 1,638, రాకపోతే 8,730. పేకాటలో కూడా ఈ పందెం ఎవరూ కాయరు. పైగా కట్టకుండా ఆపిన పైసలు నిజంగా బ్యాంకులో వేసేవాళ్లు ఎందరు? పండక్కి పోతాయి, ఫీజులకు పోతాయి, నాలుగేళ్ల తర్వాత 25 వేలు ఒక్కసారి తేవాలంటే అప్పు చేయాలి.

కేంద్రం కోట్లు. వరంగల్ 2016 మేలో స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది, నిజమే. కేంద్రం 500 కోట్ల దాకా ఇస్తే అంతే మొత్తం రాష్ట్రం, నగరం వైపు నుంచి పడాలన్నది 2025 మార్చితో ముగిసిన ఆ పథకం నిబంధన. అదీ కొత్త కట్టడాలకు. పొద్దున్నే గల్లీలోకి వచ్చి మోరీలో మట్టి ఎత్తే మనిషి జీతం దాంట్లోంచి రాదు. వీధి దీపాల కరెంటు బిల్లు రాదు, చెత్త బండి డీజిల్ రాదు.

ఆర్థిక సంఘం నిధులు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి, పది లక్షల లోపు జనాభా ఉన్న మన లాంటి నగరాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతాన్ని అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది గానీ జీతాలకు వాడకూడదంది. అన్నిటికంటే ముఖ్యమైన షరతు మెసేజ్ రాసినవాళ్లకు తెలియదు, లేదా తెలిసి దాచారు. ఇంటి పన్ను వసూలు రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగే వేగానికి తగ్గకుండా పెరగాలి. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఈ రెండూ లేకపోతే ఆ గ్రాంటుకు అర్హత లేదంది. "మేం కట్టం, ఢిల్లీ కడుతుంది" అనుకుంటే, మనం కట్టనందుకే ఢిల్లీ కూడా ఆపేస్తుంది. అప్పుడు వానాకాలం ముందు నాలాలో పూడిక తీసేది ఎవరు? 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల బాధను ముందుపెట్టి ఆ పూడికతీత పైసలే ఆపమంటున్నారు. ఇంతకంటే ద్రోహం ఏముంది?

ఆ ఆడిట్ లెక్కలు సిటీఫైనాన్స్ అనే కేంద్ర పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. పది మందికి పంపాల్సింది ఆ లింకు.

ఒకే గల్లీలో ఒకే సైజు ఇళ్లకు వేర్వేరు పన్ను అన్నది నిజం. పూర్తిగా నిజం. కానీ దీనికి విరుగుడు పన్ను ఆపడం కాదు, అసెస్‌మెంట్, అంటే మీ ఇంటికి పన్ను లెక్కకట్టిన తీరు, విప్పి చూడటం. మీ అసెస్‌మెంట్ నంబర్‌తో పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో డిమాండ్ వివరాలు తీయండి. ఇంటిని టేపుతో కొలవండి, అంతస్తుల వారీగా. తప్పులు ఎక్కువగా నాలుగు చోట్ల దొరుకుతాయి. కిరాయి షాపు ఖాళీ చేయించి ఏళ్లయినా ఆ గది ఇంకా కమర్షియల్‌గానే ఉండటం. కూల్చేసిన రేకుల గది విస్తీర్ణంలో మిగిలిపోవడం. ఉపగ్రహ పటాల సాయంతో ఇళ్లను నమోదు చేసిన భువన్ సర్వేలో కొలత తప్పు పడటం. ఒకే ఇంటికి రెండు నంబర్లు పడి, కట్టింది ఒకదానికి, బకాయి మరోదానికి పెరగడం. చివరిది అన్నిటికంటే చెడ్డది. రసీదులన్నీ దగ్గరే ఉంటాయి, అయినా నోటీసు వస్తుంది. కొలతలు, ఫొటో, పాత రసీదుల జిరాక్సులు పెట్టి కాశీబుగ్గ సర్కిల్‌లోనో, కాజీపేట సర్కిల్‌లోనో రివిజన్ దరఖాస్తు ఇవ్వండి. ఇన్‌వార్డు నంబర్ (దరఖాస్తు అందినట్టు వేసే నంబర్), తేదీ ముద్ర పడిన కాపీ లేకుండా కౌంటర్ వదలకండి. బిల్ కలెక్టర్‌కు నోటితో చెప్పినది ఎక్కడా నమోదు కాదు. ఒక హెచ్చరిక: సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో, అంటే ఇంటి వివరాలు మీరే రాసిచ్చేటప్పుడు, విస్తీర్ణం తగ్గించి రాస్తే 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం తేడాకు 25 రెట్లు జరిమానా. పక్కింటివాళ్లది తక్కువుందని మీది తగ్గించి రాయకండి.

ఇక "అభ్యంతరాలు చెత్తబుట్టకే". కామారెడ్డి వాళ్లకు చెప్పండి ఈ మాట. 2023 జనవరిలో అక్కడ, జగిత్యాలలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాలను కౌన్సిళ్లే తీర్మానం చేసి వెనక్కి తీసుకున్నాయి. అంతకు ముందు ఏడాది మన ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ తలపెట్టిన భూ సమీకరణను కూడా రైతుల దెబ్బకు ఆపారు. కాగితం ఒక్కటే ఆ పని చేయలేదు, జనం రోడ్డెక్కారు. కానీ సర్వే నంబర్‌తో, గడువులోపు దాఖలు చేసిన అభ్యంతరం చేతిలో ఉంటేనే రోడ్డెక్కినవాళ్లకు మాట్లాడే బలం.

గల్లీలో సీసీ రోడ్డుకూ ఇదే వర్తిస్తుంది, చేతిలో రుజువు ఉంటేనే మాట్లాడే బలం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే పడితే 30. తగ్గిన 15 ఘనపు మీటర్లలో వంద బస్తాల దాకా సిమెంటు ఉంటుంది. మోసం ఎక్కడ జరుగుతుందంటే, అంచున షట్టరింగ్ పలక 15 ఉంటుంది, టేపు పెడితే కొలత సరిపోతుంది. నడుమ మాత్రం పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోస్తారు, అక్కడ 8 కూడా ఉండదు. రెండేళ్లకు నడిమధ్యన పగులుతుంది. పైగా రోడ్డు లేచి, గడప కిందికి పోయి, మొదటి వానకే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. కాబట్టి చూడాల్సింది కాంక్రీటు పోసే రోజు కాదు, దానికి ముందు రోజు. పాత రోడ్డు తవ్వారా? రెండు పలకల మీద అడ్డంగా దారం కట్టి, నడుమ నేలకూ దారానికీ మధ్య ఎంత ఉందో టేపుతో కొలిచి, ఫొటో తీయండి.

పని అయిపోయిందా, అప్పుడు సమాచార హక్కు. "రోడ్డు ఎందుకు బాగాలేదు" అని అడిగితే సమాధానం రాదు, అది సమాచారం కాదు. పది రూపాయల ఫీజుతో ఇలా అడగండి: ఫలానా డివిజన్, ఫలానా ఇంటి నంబర్ నుంచి ఫలానా ఇంటి నంబర్ వరకు వేసిన సీసీ రోడ్డు ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్‌లో (ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ పని పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లుల ధ్రువీకృత నకళ్లు. ఎం-బుక్‌లో మందం గడిలో రాసిన అంకె పక్కన మీ దారం ఫొటో పెట్టండి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి, సెక్షన్ 2(జె).

అదే దరఖాస్తులో ఇంకో వాక్యం కలపండి. 2019 చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదానిలో 15 మంది. మీ డివిజన్‌లో ఆ 60 మంది పేర్లు, వాళ్లు చివరిసారి కూర్చున్న తేదీ, ఆ రోజు మినిట్స్ (ఏం మాట్లాడారో రాసిన నమోదు) ఇవ్వమనండి. ఆ జాబితాలో మీ పేరే ఉండొచ్చు, మీకు చెప్పకుండానే. ఉంటే వచ్చే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కమిటీ సమావేశం ఎప్పుడని రాతపూర్వకంగా అడగండి. లేకపోతే ఖాళీలు ఎన్నో అడగండి.