ఆ 137 ఎక్కడిది?

నిన్న ఒక వెబ్ పేజీ కోడ్ చూస్తుంటే మళ్లీ అదే కనిపించింది. ఆర్డర్ల లిస్టులో బటన్ నొక్కితే దాని కిందే చిన్న మెనూ తెరుచుకోవాలి. బటన్ పైనుంచి ఎంత కిందుందో చెప్పే ఆఫ్‌సెట్‌టాప్ అంకె తీసుకుని దానికి 137 కలిపారు. ఎందుకని అడిగితే, "అలా పెడితే కరెక్ట్‌గా వస్తోందన్నా" అన్నాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు. వాడి స్క్రీన్ మీద వస్తోంది, నిజమే. లిస్టును కాస్త స్క్రోల్ చేసి నొక్కితే మాత్రం బటన్ ఒకచోట, మెనూ ఇంకోచోట.

తప్పు వాడిది కాదు, మనం నేర్పే పద్ధతిది. "ఎలిమెంట్ ఎక్కడుంది?" అన్నది సగం ప్రశ్నే (బటన్ లాంటి పేజీ ముక్కే ఎలిమెంట్). ఎక్కడి నుంచి కొలవాలో చెప్పకుండా అంకె ఇస్తే, బస్టాండు నుంచో స్టేషన్ నుంచో చెప్పకుండా మా ఇల్లు రెండు కిలోమీటర్లు అన్నట్టే.

ఆఫ్‌సెట్‌టాప్ పేజీ పైనుంచి కొలవదు, ఆఫ్‌సెట్‌పేరెంట్ నుంచి కొలుస్తుంది. మామూలుగా అది స్టైల్‌లో పొజిషన్ పెట్టిన అతి దగ్గరి పేరెంట్, అంటే ఆ ఎలిమెంట్‌ని చుట్టి ఉన్న డబ్బా; ఏదీ లేకపోతే పేజీ అంతటినీ పట్టుకునే బాడీ. రేపు ఎవరో డిజైన్ కోసం మధ్యలో ఒక డివ్‌కి, అంటే అలాంటి డబ్బాకి, పొజిషన్ రిలేటివ్ పెడితే చాలు, జావాస్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే అంకె మారిపోతుంది. లోపలి డబ్బా ఎంత స్క్రోల్ అయిందో దానికి పట్టదు. ట్రాన్స్‌ఫార్మ్ అనే స్టైల్‌తో జరిపినా పట్టదు. పేజీ పైనుంచి దూరం కావాలంటే ఒకప్పుడు లూప్ పెట్టి ఒక్కో పేరెంట్‌దీ కూడుకుంటూ పైకి వెళ్లేవాళ్లం. ఎలిమెంట్ ఎక్కడుందో నేరుగా చెప్పే గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎప్పుడో ఉన్నా, ఫైర్‌ఫాక్స్‌కి 2008లో మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా పిల్లలకు ఆ లూపే ఇవ్వడం నాకు బాధగా ఉంది.

ఈ రెక్ట్ కొలిచేది విండోలో ఇప్పుడు కనిపిస్తున్న భాగం పై అంచు నుంచి. స్క్రోల్, ట్రాన్స్‌ఫార్మ్ అన్నీ అందులో కలిసే వస్తాయి. పేజీ మొదలు నుంచి కావాలంటే పేజీ ఎంత స్క్రోల్ అయిందో చెప్పే స్క్రోల్‌వై కలపాలి, స్క్రోల్ చేసినా కదలని పొజిషన్ ఫిక్స్‌డ్ మెనూకైతే కలపకూడదు. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఇంకోటి, లూప్‌లో ఒకదాన్ని కొలిచి, స్టైల్ మార్చి, మళ్లీ ఇంకోదాన్ని కొలిస్తే బ్రౌజర్ ప్రతిసారీ లేఅవుట్, అంటే ఏది ఎక్కడ ఉండాలో, మళ్లీ లెక్కేయాలి. ముందు అన్నీ కొలిచి తర్వాత మార్చాలి. కేవలం కనిపిస్తోందా లేదా తెలియాలంటే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ అనే బ్రౌజర్ సదుపాయం ఉంది.

ఇద్దరం కూర్చుని 137 తీసేశాం. అది పై పట్టీ ఎత్తు, బటన్ ఎత్తు కలిపితే వచ్చిన అంకె. "మరి ఫాంట్ లేటుగా లోడై అన్నీ కిందికి జరిగితే?" అని అడిగాడు. అందుకే పేజీ తెరవగానే కొలిచి దాచుకోకుండా, బటన్ నొక్కిన క్షణంలోనే కొలిచేలా మార్చాం.