బీరువా తాళం

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ. 5,000 వరకు గ్రంథాలయ నిధి ఇచ్చే వీలుంది. కానీ మా అబ్బాయి చదివే ప్రభుత్వ బడిలో అలా వచ్చిన పుస్తకాలు స్టాక్ రిజిస్టరుకెక్కిన మరుక్షణమే సుద్దముక్కల పెట్టెలకూ పాత జవాబు పత్రాల కట్టలకూ తోడుగా బీరువాలో బందీలయ్యాయి. ఇదేమిటని అడిగితే, పిల్లలు చింపితే లెక్క ఎవరు చెప్పాలంటారు. ఆ భయాన్ని తప్పుపట్టలేను; పోయిన పుస్తకానికి జవాబుదారీ తెలుగు మాస్టారే, ఆయనకేమో పాఠాలతో పాటు మధ్యాహ్న భోజనం లెక్కలు కూడా. పుస్తకాలకు నిధి ఉంది గానీ, వాటిని పిల్లల చేతికందించే మనిషికి పోస్టు లేదు. మూడో తరగతి పిల్ల వాచకాన్ని కూడబలుక్కుంటూ చదువుతోందని సమీక్షల్లో నిట్టూర్చే అధికారులు, ఆ పిల్లకు నచ్చే బొమ్మల కథ వెతికిపెట్టగల గ్రంథాలయ ఉపాధ్యాయుణ్ణి ఎందుకు నియమించరు? అంతవరకు, చిరిగిన పుస్తకాన్ని మాస్టారి ఖాతాలో రాయబోమని లిఖితపూర్వకంగా ఉత్తర్వైనా ఇవ్వాలి.