నెట్ రావట్లేదంటే ఏటని చెప్పేది?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్న గుడ్ మార్నింగ్ పువ్వులు, సాయంత్రం నీళ్ళ ట్యాంకర్ కబుర్లు. అలాంటి చోటికి పోయి వైఫై గురించి అడిగాను చూడండి, అదీ నా తెలివి.

శ్రీకాకుళం బలగలో మాది పాత ఇల్లు. పైన గది తర్వాత వేసుకున్నాం. ఫైబర్ బాక్సు కింద ఉంది, అక్కణ్ణుంచి లాన్ వైరు లాగి పైన ఇంకో రౌటర్ పెట్టాం. మా అబ్బాయి ఆ గదిలోంచే ఉద్యోగం చేస్తాడు. మార్చిలో 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 200కి మారాం. బిల్లు పెరిగింది, పైన స్పీడు మాత్రం పెరగలేదు.

"పైన స్పీడు రావట్లేదు, ఏం చెయ్యాలి?" అని గ్రూపులో పెట్టాను. క్షణాల్లో సలహాలు! ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యండి. ఆ కంపెనీ అంతే, మా కంపెనీకి వచ్చేయండి. ఒకాయన తన బావమరిది చూస్తాడని నంబరిచ్చాడు. ఆ బావమరిది ఏసీలు బాగుచేస్తాడట. "బూస్టర్ కొనండి మాస్టారూ" అన్నారొకరు. వైఫై సిగ్నల్ అందుకుని ముందుకి పంపే డబ్బా అట. దానికి నలుగురు తందానా. నలుగురూ అన్నారు కదా అని ఏడు రోడ్ల జంక్షన్‌కి వెళ్ళి 1,800 రూపాయలు పోసి తెచ్చాను. స్పీడు ఇంకా పడిపోయింది. పడదా మరి! ఆ డబ్బా ఒకే రేడియోతో ఇటు పట్టుకుని, అదే ఛానెల్లో అటు పంపాలి. ఇదంతా డబ్బులు పోయాక తెలిసిన జ్ఞానం.

మా అబ్బాయి ఇంగ్లీషు గ్రూపుల్లో అడిగాడు. వాళ్ళకి తెలీదనను, చాలా తెలుసు. కానీ వాళ్ళు చెప్పేదంతా వాళ్ళ దేశాల్లోని చెక్క ఇళ్ళకి పనికొచ్చేది. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడా, ఆపైన స్లాబూ దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ సోలిపోతుంది.

చివరికి దొరికింది సీసీ కెమెరాలు బిగించేవాళ్ళ టెలిగ్రామ్ గ్రూపు. రోజంతా లాన్ వైర్లు లాగి, వాటి కొసలకి జాక్‌లు కొట్టేవాళ్ళు. అందులో ఒకడు టెక్కలి వైపు కుర్రాడట, సలహా ఇవ్వకుండా ముందు ప్రశ్నలేశాడు.

"ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి సూడండి సార్. స్పీడెంత?"

94.

"ఎప్పుడు సూసినా అంతేనా?"

అంతే.

"కింద బాక్సు దగ్గర?"

అక్కడ చూడనే లేదు. సిగ్గేసింది. దిగి చూస్తే 190 దాటింది.

"పైన రౌటర్ గిగాబిట్‌దేనా? అయితే కంపెనీ మీద పడకండి సార్, వైరు సూడండి. జాక్ ఫొటో పెట్టండి."

లాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100 స్పీడుకి నాలుగు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000 స్పీడుకి, ఎనిమిదీ అందాలి. ఆ మిగతా నాలుగింట్లో ఒక్కటి అందకపోయినా కింద బాక్సూ, పైన రౌటరూ కూడబలుక్కుని 100కి దిగిపోతాయి. అందులో పైఖర్చులు పోను స్పీడ్ టెస్టులో కనిపించేది ఇంచుమించు ఆ 94. మా జాక్‌లో గోధుమరంగు తీగ చివరిదాకా వెళ్ళనే లేదు! వైరు లాగిన రోజునుంచీ అదే కథ. పాత ప్లాన్ 100దే కాబట్టి ఎవరికీ తెలీలేదు. కొత్త జాక్ కొట్టించాను, పైన కూడా 190 వస్తోంది. జాక్ ఎంతయిందని మా ఆవిడ అడిగితే మాట మార్చేశాను.

అడిగే మన తప్పూ ఉంది లెండి. "నెట్ ఎల్లిపోనాది" అని రాస్తే ఎవరు మాత్రం ఏటి చెప్తారు? బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసున్న లైటు, అంటే సిగ్నల్ అందట్లేదని చెప్పేది, ఎర్రగా ఉంటే ఫైబర్ ఎక్కడో తెగిందో, వంగిందో. మనం వందసార్లు ఆపి వేసినా రాదు, కంపెనీకి ఫోన్ చెయ్యాల్సిందే. ఇంట్లో అందరికీ వచ్చి ఒక్క ఫోన్లో రాకపోతే ఆ ఫోన్ సంగతి చూసుకోవాలి. ఈ రెండు ముక్కలు రాయరు గానీ, రౌటర్ వెనక స్టిక్కర్ ఫొటో మాత్రం పెడతారు, వైఫై పాస్‌వర్డ్‌తో సహా. అది మాత్రం పెట్టకండి బాబూ, దండం పెడతాను.

మొన్న మా కాలనీ గ్రూపులో ఒకరు "నెట్ రావట్లేదు, మీకూ ఇలాగే ఉందా?" అని పెట్టారు. "లైటు ఏ రంగులో ఉందండీ?" అని అడిగాను. దానికి ఉలుకూ పలుకూ లేదు. ఆ కిందే ముగ్గురు బూస్టర్ కొనమని చెప్పేశారు. నాది అటక మీదుంది, ఎవరికైనా కావాలంటే సగం ధరకిచ్చేస్తాను.